మిర్చి గోదాములో ఐసు గచ్చు

నతానియేలు ఆ కాగితం మీద సంతకం పెట్టింది మేనకోడలి కోసమా, తాను పోసిన ఐసు కోసమా? ఎన్నిసార్లు తిరగేసి చూసినా ఈ ప్రశ్నకు జవాబు తేలలేదు. భయపడి పెట్టలేదన్నది మాత్రం నిజం. భయపడే మనిషి కాడు. కోప్పడే మనిషీ కాడు. ఆయనకు వచ్చేదల్లా ఏవగింపు. అదైనా చప్పుడు లేకుండా వచ్చేది.

ప్రత్తిపాడు దాటాక రోడ్డు పక్కన బాపయ్య గారి కోల్డ్ స్టోరేజీ ఉంది. గుంటూరు యార్డులో ధర పలకని మిర్చి టిక్కీలన్నీ, అంటే బస్తాలన్నీ, అక్కడికొచ్చి చలిలో పడుకుంటాయి. ఆ చలిని పుట్టించే కంప్రెసర్ల దగ్గర నతానియేలు ముప్పై ఏళ్లుగా ఆపరేటరు. అంతకు ముందు సముద్రం ఒడ్డున చేపలకు ఐసు తీసే ఫ్యాక్టరీలో పన్నెండేళ్లు చేశాడు. గొట్టం మీద అరచెయ్యి ఆనించి లోపల ఎంత చలి ఉందో చెప్పేవాడు. మీటరు చూస్తే అదే అంకె ఉండేది. మాట తక్కువ. ఎదుటివాడు వెధవ పని చేస్తే "ఊఁ" అనేవాడు, అంతే. హమాలీల ముఠా మేస్త్రి ఒకసారి అన్నాడు: "తిడితే దులుపుకుని పోవచ్చు. నతానియేలు ఊఁ అంటే రెండ్రోజులు అన్నం సయించదు."

అలాంటి మనిషి దగ్గరికి నాగేంద్రబాబు వచ్చాడు. బాపయ్య గారి అల్లుడు. ఆ చుట్టుపక్కల ఎవరూ ఆడని ఆటలన్నిటికీ ఆయనే కార్యదర్శి. ఆడేవాళ్లుంటే అడిగేవాళ్లుంటారు, అందుకని ఆడనివాటినే ఏరుకున్నాడు. కొత్తగా పెట్టిన సంఘం పేరు దక్షిణ కోస్తా మంచు క్రీడల సమాఖ్య. మంచంటే ధనుర్మాసంలో పత్తి చేల మీద పొద్దున ఏడింటిదాకా నిలిచేదే తెలిసిన నేల మీద మంచు క్రీడల సమాఖ్య! దానికి లెటర్‌హెడ్ ఉంది, గుండ్రటి ముద్ర ఉంది, హాకీ కర్ర పట్టుకున్న ఎలుగుబంటి బొమ్మ ఉంది. లేనిది ఐసొక్కటే.

"ఏం నతానియేలూ, కింది గది ఖాళీగా ఉందిగా. అందులో ఐసు గచ్చు పోయగలవా?"

"ఎంత మందం కావాలండీ?"

"మందం సంగతి నాకెందుకయ్యా? పిల్లలు జారాలి."

"జారడానికైతే అరటితొక్క చాలండి."

నాగేంద్రబాబు నవ్వాడు. ఆయనకు ఎవరేమన్నా నవ్వే వరం ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుని విషయం చెప్పాడు. పద్దెనిమిదేళ్ల లోపు ఆడపిల్లల జాతీయ ఐసు హాకీ జట్టు ఆసియా పోటీలకు వెళ్తుంది. దానికి ముందు లడఖ్‌లో శిక్షణ శిబిరం. ఒక్కో ప్రాంతం తన పిల్లల్ని తానే ఎంచి పంపాలి. ఎంపిక చూడడానికి లడఖ్ నుంచి కోచ్ ఒకామె వస్తుంది. ఐసే లేదంటే సమాఖ్య పరువు పోతుంది.

పరువు మాట నతానియేలు చెవిలో పడలేదు. ఆడపిల్లల జట్టు అన్న మాట దగ్గరే ఆయన ఆగిపోయాడు.

ఆయన చెల్లెలు ఎలీసమ్మ చీమకుర్తిలో గ్రానైటు పాలిషింగ్ యూనిట్లో పని చేస్తుంది. ఆమె కూతురు ఆరాధనకు పదిహేనేళ్లు. బడిలో ఎవరో దాత ఇచ్చిన చక్రాల బూట్లు పిల్లలందరి కాళ్లకూ తిరిగి చివరికి ఈ పిల్ల కాళ్లకు అతుక్కుపోయాయి. ఆదివారం చర్చిలో కూటం అయ్యీ అవగానే, యూనిటు మూసి ఉన్న వేళ, అద్దంలా మెరిసే నల్లరాతి పలకలు పరిచిన యార్డులో ఆ పిల్ల తిరుగుతుంటే రాజస్థాన్ నుంచి వచ్చిన కోత మేస్త్రీలు కూడా బీడీ ఆర్పేసి చూసేవాళ్లు. చక్రాల మీద హాకీలో రెండేళ్లు వరసగా జిల్లా జట్టుకు ఆడింది. ఐసు మీద ఆడాలన్నది దాని కోరిక. ఫోన్లో చూసిన ఐసు తప్ప ఇంకో ఐసు ఎరగదు.

"పోస్తానండి," అన్నాడు నతానియేలు. "ఇరవై రెండు రోజులు పడుతుంది. ఈలోగా లోపలికెవరూ రాకూడదు."

అనడం తేలిక. మూతపడిన ఐసు ఫ్యాక్టరీ నుంచి పాత గొట్టాలు తెప్పించి నేలంతా వరసలుగా పరిచాడు. వాటి మీద ఇసుక కప్పి చదును చేశాడు. ఎంత చల్లబడినా గడ్డకట్టని ఉప్పునీళ్లు గొట్టాల్లో తిప్పాడు. బోరు నీళ్లతో పోస్తే ఐసు తెల్లగా, పెళుసుగా వస్తుంది. అందుకని మినరల్ వాటరు ప్లాంటు నీళ్లు తెప్పించి, కాచి, తడిపిన గోనెపట్టా ఈడుస్తూ పొర మీద పొర పోశాడు. కాగితమంత పొర గడ్డకట్టాకే ఇంకో పొర. టిక్కీల గదులు ఊడ్చే సుబ్బరావమ్మ తలుపు సందులోంచి చూసి, "ఏం తమ్ముడూ, పెసరట్టు పోస్తన్నావా?" అంది.

"పెసరట్టయితే ఈపాటికి తినేసేవాళ్లక్కా."

గదికి తొంభై అడుగుల పొడవు, నలభై అడుగుల వెడల్పు. మధ్యలో నాలుగు స్తంభాలు. పిల్లలు గుద్దుకుంటే దెబ్బ తగలకుండా వాటికి గడ్డి కుక్కిన గోనెసంచులు చుట్టాడు. గోడలకు ఇన్నేళ్లుగా పట్టిన మిర్చి ఘాటు మాత్రం ఎంత కడిగినా పోలేదు. ఇరవై రెండో రోజు లైటు వేసి చూస్తే గచ్చు కింద ఇసుక రేణువులు లెక్కపెట్టేలా కనిపించాయి. నతానియేలు ఆ వేళ అన్నం క్యారియరు విప్పలేదు. చూస్తూ కూర్చున్నాడు.

ఎంపిక రోజున ఇరవై ముగ్గురు ఆడపిల్లలు వచ్చారు. ఆరాధన, ఇంకో ముగ్గురు తప్ప మిగతావాళ్లంతా ఐసుకే కాదు, చక్రాలకూ కొత్త. కాలేజీ సీటుకు స్పోర్ట్సు సర్టిఫికెట్టు పనికొస్తుందని ఎవరో చెబితే తల్లులు శాలువాలు కప్పి కార్లలో తెచ్చారు. సమాఖ్య ఇచ్చిన ఐసు బూట్లు తొడుక్కుని ఆ పిల్లలు గోడ పట్టుకుని వరినాట్లు వేస్తున్నట్టు వంగి వంగి నడుస్తుంటే, "మా పాప బ్యాలెన్సు చూడండి" అని ఒకావిడ వీడియో తీసింది. పిల్లలదేం తప్పు? చలి దేశాల్లో నడక వచ్చీ రాని పిల్లను ఐసు మీదికి తోస్తారు. పదిహేనేళ్లు వచ్చేసరికి ఐసే దానికి నేల. ఇక్కడ పదిహేనేళ్ల పిల్లకు ముందు ట్రాక్‌సూటు ఇస్తారు, తర్వాత సర్టిఫికెట్టు ఇస్తారు, వీలుంటే ఐసు చూపిస్తారు. దీనికి యువజన క్రీడాభివృద్ధి అని పేరు.

సభ లేకుండా ఏ పనీ మొదలు కాదు గనక ఐసు మీదే వేదిక వేశారు. పట్టుచీరలంగడిలో పెట్టేలాంటి పెద్ద లైట్లు నాలుగు తెచ్చారు. "ఆ వేడికి పైపొర చెమరుస్తుందండీ" అన్నాడు నతానియేలు. "వీడియో చీకటిగా వస్తుందయ్యా" అన్నాడు నాగేంద్రబాబు. సర్వమతాల ప్రార్థన ఉండాలన్నారు. పాస్టరు గారు వచ్చి, దేశాన్నీ రాష్ట్రాన్నీ అధికారుల్నీ పేరుపేరునా దీవించి, ఐసు పుట్టించిన ప్రభువును ఇరవై నిమిషాలు స్తుతించారు. పుట్టించినవాడు కంప్రెసర్ దగ్గర నిలబడి లైట్ల కింద చెమరుస్తున్న తన గచ్చునే చూస్తున్నాడు.

తర్వాత బాపయ్య గారి భార్య రాజ్యం గారు వచ్చింది. మంచి మనిషి. పిల్లలందరినీ వరసగా నిలబెట్టి గుప్పెడు రాళ్ల ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసింది. తన మనవరాలికి ఎలా తీసిందో ఆరాధనకూ అలాగే తీసింది. దిష్టి తీసిన ఉప్పు ఎవరూ తొక్కని చోట నీళ్లలో కలిపేయాలి. ఆమె చుట్టూ చూసింది. నీళ్లెక్కడా కనపడలేదు.

"ఇదీ నీళ్లేగా," అని రెండో స్తంభం మొదట్లో ఐసు మీద పోసేసింది.

నతానియేలు నాలుగంగల్లో అక్కడికొచ్చాడు. "అమ్మగారూ, ఉప్పు ఐసు మీద వద్దండి. తీసేస్తానండి."

"దిష్టి ఉప్పు చేత్తో ముట్టుకుంటావా అబ్బాయ్! నీకు తగుల్తుంది," అంది ఆమె నిజమైన కంగారుతో.

నాగేంద్రబాబు మధ్యలో దూరాడు. "ఇప్పుడేమంటావయ్యా? మీ వాళ్లకి ఇలాంటివి పట్టవని తెలుసులే. పాస్టరు గారు ప్రార్థన చేసినంతసేపూ మేం చేతులు కట్టుకుని నిలబడలా?"

"అది కాదండి. ఉప్పు గొట్టంలో ఉంటే ఐసు పుడుతుంది, ఐసు మీద పడితే ఐసు చస్తుంది. ఇందులో మతమేముందండీ?"

"దిష్టి ఉప్పు వద్దన్నావని మైకులో చెప్పమంటావా?"

కార్లలో వచ్చిన తల్లులంతా ఇటే చూస్తున్నారు. ప్రారంభోత్సవానికి పిలిపించిన ముఖ్య అతిథి కూడా చూస్తున్నాడు. నతానియేలు "ఊఁ" అని వెనక్కి నడిచాడు. ఉప్పు తియ్యాలని ఇంకోసారి గట్టిగా అని ఉండాల్సింది. ఆ సంగతి ఆయనకు నాలుగో అడుగులోనే తెలిసింది. అయినా ఐదో అడుగు వేశాడు.

లడఖ్ కోచ్ పొట్టిగా, గట్టిగా ఉంది. ఉపన్యాసాలన్నీ చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని వింది. అవి అయ్యాక పరీక్ష చెప్పింది: రబ్బరు బిళ్లను కర్రతో తోసుకుంటూ నాలుగు స్తంభాల మధ్యనుంచి మెలికలుగా వెళ్లి తిరిగి రావాలి. ఆమె చేతిలో స్టాప్‌వాచీ. ముందు వెళ్లినవాళ్లలో ఇద్దరు మొదటి స్తంభాన్ని కావలించుకుని అక్కడే ఉండిపోయారు. ఇంకో పిల్ల కూర్చుని జరిగింది.

ఆరాధన బయల్దేరిన తీరుకే గదిలో గుసగుసలాగిపోయాయి. మొదటి స్తంభం దాటింది. రెండో దాని దగ్గర ఒరిగి మలుపు తీసుకుంది. అప్పటికి ఉప్పు తన పని తాను చేసుకుపోయింది. కొబ్బరి చిప్పంత గుంట. బూటు కింది ఇనుపరేకు అందులో దిగబడింది. పిల్ల ఎగిరి భుజం మీద పడి గోడదాకా జారిపోయింది. రబ్బరు బిళ్ల వెళ్లి ముఖ్య అతిథి బూటుకు తగిలింది.

"అయ్యయ్యో," అన్నాడు నాగేంద్రబాబు మైకులోనే. "పర్లేదమ్మా, పాల్గొనడమే గెలుపు. తర్వాత ఎవరు?"

కోచ్ తర్వాత పిల్లను పిలవలేదు. గుంట దగ్గరికెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. ఎర్రటి మిరపకాయ ఒకటి తీసి పక్కన పెట్టింది. కరగని రవ్వను వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకుంది. తలెత్తి హిందీలో అడిగింది: "ఉప్పా?"

"ఉప్పే," అన్నాడు నతానియేలు. బీహారు హమాలీల దగ్గర నేర్చుకున్న హిందీ ఆయనది.

"బాగు చెయ్యడానికి ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

"ఆగుతాను."

"మేడమ్, సార్‌కు అద్దంకిలో ఇంకో ప్రారంభోత్సవం ఉంది," అన్నాడు నాగేంద్రబాబు.

"వెళ్లమనండి," అంది ఆమె. ముఖ్య అతిథి శాలువాతో సహా వెళ్లిపోయాడు. ఆయన వెంట లైట్లూ వెళ్లాయి. గది చల్లబడింది.

నతానియేలు ఉలి తీసుకుని మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఉప్పు తగిలిన ఐసంతా చెక్కి తీసెయ్యాలి. రవ్వ మిగిలినా మళ్లీ తినేస్తుంది. చెక్కిన చోటల్లా నాలుకతో చూసుకుంటూ, చప్పగా తగిలేదాకా తవ్వాడు. సుబ్బరావమ్మ టీ బాయిలరు నుంచి వేణ్నీళ్లు పట్టుకొచ్చింది. "పెద్దింటోళ్లు గానీ, ఉప్పేస్తే ఐసు కరుగుద్దని గోలీసోడా బండోడికి కూడా తెలుసు గదయ్యా!" అంది అందరికీ వినపడేలా. రాజ్యం గారు చిన్నబోయిన మొహంతో, "నాకేం తెలుసే సుబ్బరావమ్మా, చెప్పొచ్చుగా," అంది. చెప్పినవాడు తలెత్తలేదు. ఐసు పొడి నింపి, వేణ్నీళ్లు చిలకరించి, ఇనుప పలకతో నొక్కి, మళ్లీ చిలకరించాడు.

కోచ్ ఆయన పక్కనే గొంతుక్కూర్చుని అరచేత్తో గచ్చు నిమిరింది. "మా ఊళ్లో చెరువు గడ్డకడితేనే ఆట. రెండు నెలలు, అంతే. అదీ ఇంత నున్నగా ఉండదు. బయటి దేశానికి వెళ్లినప్పుడు మా పిల్లలు పద్నాలుగు గోల్సు తిన్నారు. అవతలి పిల్లలు రోజూ ఐసు మీద ఉంటారు, మావాళ్లు ఏడాదికి ఎన్ని రోజులో వేళ్ల మీద చెప్పొచ్చు. వచ్చాక ఇక్కడ సన్మానం చేశారు." గచ్చు మీద చెయ్యి తియ్యకుండానే అడిగింది: "ఇలా పొయ్యడం ఎక్కడ నేర్చుకున్నారు?"

నలభై రెండేళ్ల పనిలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నతానియేలు ఇనుప పలక కింద పెట్టాడు.

"చేపల దగ్గర," అన్నాడు.

రెండోసారి ఆరాధన వెళ్లింది. భుజం నొప్పికి పెదవి కొరుక్కుంటూనే నాలుగు స్తంభాలూ దారం గుచ్చినట్టు చుట్టి వచ్చింది. కోచ్ గడియారం చూసి, పుస్తకంలో రాసి, ఆ రాసింది నతానియేలుకు చూపించింది. తర్వాత గొంతు తగ్గించి అంది: "నా వైపు నుంచి అయింది. కానీ జాబితా మీ సమాఖ్య కార్యదర్శి సంతకంతోనే వెళ్లాలి. దాని మీద నాకు చెయ్యి లేదు."

మర్నాడు నాగేంద్రబాబు ఆఫీసు గదిలోకి పిలిచాడు. బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి జాబితా. అందులో మూడు పేర్లు టైపు చేసి ఉన్నాయి. రాజ్యం గారి మనవరాలు లక్ష్మీదుర్గది మొదటి పేరు. ఆ పిల్లే మొదటి స్తంభాన్ని కావలించుకుని ఉండిపోయింది. నాలుగో గీత ఖాళీ. రెండోది ధ్రువపత్రం: రెండు వందల అడుగుల పొడవు, నూరడుగుల వెడల్పు గల అంతర్జాతీయ ప్రమాణాల శాశ్వత ఐసు రింకు ఇక్కడ నిర్మించబడినదని ప్లాంటు ఇంజనీరు ధ్రువీకరిస్తున్నాడు.

"నేను ఇంజనీర్ని కాదండి. పదో తరగతి తప్పినవాణ్ని."

"సంతకం పెట్టు, అయిపోతావు."

"గది తొంభై అడుగులండి. మధ్యలో స్తంభాలున్నాయి."

"స్తంభాల సంగతి ఎవడడిగాడయ్యా? రింకు ఉంటేనే సమాఖ్యకు గుర్తింపు. గుర్తింపు ఉంటేనే ఈ జాబితా చెల్లుద్ది. నీ మేనకోడలు బాగా ఆడింది, కాదన్నానా? ఆ పేరు రాయనన్నానా?" పెన్ను మూత తీసి పట్టుకున్నాడు. "ఇంకోటి. మావయ్య ఇవాళే ప్లాంటు ఆపించి కరిగించెయ్యమంటున్నాడు. ఈ కాగితం ఉంటే కొత్త మిర్చి కాయ వచ్చేదాకా, రెండు నెలలు, ఉంచుతానని ఒప్పించా. నీ ఇష్టం."

కిటికీలోంచి కింది గది తలుపు కనిపిస్తోంది. నతానియేలు అటు చూశాడు. ఎంతసేపు చూశాడో నాగేంద్రబాబు గమనించలేదు, ఫోను మాట్లాడుతున్నాడు. తర్వాత నతానియేలు పెన్ను తీసుకుని, బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో పూర్తి పేరు రాశాడు. నాగేంద్రబాబు ఖాళీ గీత మీద ఆరాధన పేరు రాశాడు. పని అయ్యాక నతానియేలు నోట్లోంచి "ఊఁ" అని వచ్చింది. అది తన గురించేననుకుని నాగేంద్రబాబు ఎప్పటిలాగే నవ్వాడు.

ఆదివారం మధ్యాహ్నం ఎలీసమ్మ కూతుర్ని తీసుకుని వచ్చింది. శిబిరానికి బయల్దేరే రైలు మర్నాడే. చీమకుర్తిలో అడిగి తెచ్చిన స్వెట్టర్లు, మంకీ క్యాపులు సంచీలో కుక్కి ఉన్నాయి. ఆరాధన చేతిలో నిన్నటి దినపత్రిక.

"మామయ్యా, పేపర్లో నీ పేరు పడింది! ఇంజనీరు నతానియేలు అని వేశారు. మా హెడ్‌మాస్టరు నోటీసు బోర్డుకి అంటించాడు." కంప్రెసర్ల చప్పుడు మించి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "అంతర్జాతీయ ప్రమాణాలతో, రెండు వందల అడుగుల..." అక్కడ ఆగింది. మళ్లీ చూసుకుంది. "రెండొందలేంటి? తొంభయ్యేగా. నేను అడుగులు లెక్కపెట్టుకున్నా."

"పేపరోళ్లు అట్టానే వేస్తార్లేవే," అంది ఎలీసమ్మ.

"వాళ్లు కాదు. నేనే రాసిచ్చా," అన్నాడు నతానియేలు.

ఎలీసమ్మకు వెంటనే అర్థం కాలేదు. ఆ పిల్లకు అయింది. పేపరు మడిచింది.

"నా పేరు కోసమా మామయ్యా?"

ఆయన గొట్టం మీద చెయ్యి ఆనించాడు. నాగేంద్రబాబులాంటివాళ్లను ముప్పై ఏళ్లు ఏ కళ్లతో చూశాడో, ఇప్పుడు ఆ కళ్లను ఎటు తిప్పాలో ఆయనకు తెలియలేదు. అవునంటే బరువు పిల్ల మీద పడుతుంది. కాదంటే ఇంకేదో చెప్పాలి.

"బూట్లు తెచ్చావా?" అన్నాడు. "వేసుకుని ఒకసారి తిరుగు."

ఆరాధన లోపలికి వెళ్లింది. ఎలీసమ్మ, సుబ్బరావమ్మ శాలువా ఒకటే ఇద్దరూ కప్పుకుని గడపలో నిలబడ్డారు. "ఎట్టా తిరుగుతందో చూడు చెల్లీ, పిట్టలాగా!" అంటోంది సుబ్బరావమ్మ. ఇనుపరేకులు ఐసును కోస్తున్న సన్నటి చప్పుడు కంప్రెసరు మోత కిందనుంచి వినిపిస్తోంది. చప్పుడులో ఎక్కడా గరగర లేదు. అతికిన చోట కూడా లేదు. నతానియేలు ఒక చుట్టంతా విన్నాడు.

సాయంత్రం షిఫ్టు ఆపరేటరు అల్లాబక్షు వచ్చి చొక్కా కొక్కేనికి తగిలించాడు. నతానియేలు మీటర్లు చూపించాడు, తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు. ముప్పై ఏళ్లుగా రోజూ జేబులో వేసుకుని వెళ్లే గుత్తి అది, ఇక తన దగ్గర ఉండదు. అల్లాబక్షు చూడలేదు. గడపలో ఇద్దరు ఆడవాళ్లూ లోపలికే చూస్తున్నారు. లోపల పిల్ల నాలుగో స్తంభం చుట్టి వెనక్కి మలుపు తిరుగుతోంది. ఆయన వాళ్ల వెనకనుంచే, క్యారియరు చప్పుడు కాకుండా చంకలో పెట్టుకుని, సైకిలు గేటుదాకా నడిపించుకుంటూ వెళ్లి, రోడ్డెక్కాక ఎక్కి తొక్కాడు.